చక్రానికి పూసిన గంధం

మా అమ్మాయి ధర్మవరంలో ఉద్యోగం చేస్తున్నది. సెలవు దినాలలో హిందూపురం వచ్చి, కార్బన్ చక్రాల సైకిలెక్కి కొండదారులు పట్టిపోతుంది. ఆ చక్రాల స్వభావాన్ని నాకు విడమరచి చెప్పినది తానే. లోహపు చక్రంలో పుట్టిన వేడి లోహమంతటా పాకి చల్లారుతుంది. కార్బన్ అంచులో పుట్టిన వేడి పుట్టినచోటనే నిలిచిపోతుంది. కనుక దిగుడులో బ్రేకును అదేపనిగా పట్టి ఉంచరాదు. మలుపునకు ముందే గట్టిగా పట్టి, వేగం తగ్గగానే విడిచి, అంచుకు గాలి తగలనివ్వాలి. బ్రేకు ఒరసే ఆ అంచుకు నూనె చుక్కైనా సోకరాదు. ఇంత స్పష్టంగా బోధించిన మనిషి తీరా ఆచరణ వేళకు మూగనోము పట్టింది.

ఆయుధపూజనాడు కత్తిపీట మొదలు కారు దాకా అన్నిటినీ అలంకరించిన మా ఇల్లాలు సైకిలును మాత్రం వదలుతుందా? నూనెగుడ్డతో తుడిచి మెరుగుపెట్టి, సరిగ్గా బ్రేకు ఒరసే అంచు చుట్టూ గంధం పూసి కుంకుమ దిద్దింది. ఆ బొట్టు తనంత తాను రాలవలసిందే గాని, చేత తుడవరాదన్నది మా ఇంటి ఆచారం.

మరునాడు సైకిలును కారు మీద కట్టుకొని పెనుకొండ వెళ్లాము. మేమిద్దరం కారులో, అమ్మాయి సైకిలు మీద, కొండపైకి చేరి నరసింహస్వామిని దర్శించాము. ఎక్కుడులో బ్రేకుతో పనిలేదు గనుక అంతవరకు ఏ చిక్కూ రాలేదు. దిగబోయే వేళ నేను అడ్డం నిలిచాను.

“ఆ అంచులు కడిగిగాని కదలవద్దు.”

“నిన్న పెట్టిన బొట్టు ఈ పొద్దే కడిగేదా? యాడన్నా ఉండాదా?” అంది మా ఇల్లాలు.

అమ్మాయి వైపు తిరిగాను. “నాకు చెప్పిన పాఠం మీ అమ్మకు చెప్పడానికి నోరు రాదా?”

“రోంత గంధానికి ఏమైతాది నాయనా? అమ్మ బాధపడతాది. మెల్లగా దిగుతాలే.”

మెల్లగా! ఆ మాటకే నా ఒళ్లు మండింది. నూనె మీద జారే బ్రేకుతో మెల్లగా దిగడమంటే, దానిని క్షణమైనా విడవకుండా దిగడమే కదా! నా మాట పూర్తికాకముందే సైకిలు కదిలింది.

కారులో వెంబడించాను. రెండవ మలుపు వద్ద కీచుమని మోత; ఇంకొంత దిగగానే కిటికీలోనుండి మాడు వాసన. హారను మ్రోగించాను. “విడువు, విడువు!” అని అరిచాను. అంతలో ముందు చక్రపు టైరు ఢామ్మని పేలింది. సైకిలు అటూ ఇటూ ఊగి, లోయ వైపు గాక, దైవవశాన గట్టు వైపు ఒరిగింది. మోచేయి దోక్కుపోవడం తప్ప అమ్మాయికి మరే గాయమూ కాలేదు. చక్రపు అంచు మాత్రం ఉబ్బి వికృతంగా ఉంది.

మా ఇల్లాలు నీళ్లసీసాతో దాని మీదికి పరుగెత్తింది.

“పోయొద్దమ్మా, కాలిపోతాండాది, పగులుతాది!” అని కేకవేసింది అమ్మాయి. ఆ జ్ఞానానికి ఇప్పుడు తెల్లవారింది!

మా ఇల్లాలు సీసా దించి, నా వైపు తిరిగి, “చూసితిరా! నిన్న పూజ చేసింటిమి గాబట్టి సరిపాయ. లేకుంటే బిడ్డ దక్కునా?” అంది.

ఇప్పుడైనా నిజం చెబుతుందేమోనని అమ్మాయి ముఖం వైపు చూశాను. ఆమె మోచేతి మన్ను దులుపుకుంటూ, “అవునమ్మా” అంది.

హిందూపురం చేరేదాకా నేను నోరు విప్పలేదు. విప్పితే ఇద్దరూ కలిసి నాకే ధైర్యం చెబుతారు.