మా బిడ్డ లాప్‌టాప్ మళ్ళా పుట్టింది

అందరికీ తెలియజేయునది ఏమనగా, మా బిడ్డ లాప్‌టాప్ ఇవ్వాళ కొత్తగూడ రిపేరు షాపుల మళ్ళా పుట్టింది. ఫ్యాక్టరీ రీసెట్ అంట, అంతా తుడిచేసి కొన్ననాటి లెక్క చేస్తరు. తుడిచే ముందు షాపాయన ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌ల పెట్టి నాకిచ్చిండు.

నాకు ఊకోబుద్ధి గాలే. ఇంటికొచ్చి మొఖం వేలాడేసుకొని, "అన్నీ పోయినయ్ బిడ్డా, రేపు ఇంటర్వ్యూల చూపించే ప్రాజెక్టు గూడ" అన్న. లొల్లి పెడ్తదనుకున్న.

"నువ్వు పరేషాన్ గాకు నాన్నా, మళ్ళ చేస్కుంట. చాయ్ తాగినవా?" అన్నది.

సిగ్గుతోని సచ్చి, వెంటనే పెన్‌డ్రైవ్ ఆమె చేతుల పెట్టిన.

ఈ ఆఖరి మాట అబద్ధం, నేను కల్పించిన. పక్క గదిల ఆమె ఆ ప్రాజెక్టు మళ్ళ చేస్కుంట, ఇంకా టకటక కొడ్తనే ఉంది. పెన్‌డ్రైవ్ నా జేబులనే ఉంది. ఏ మొఖం పెట్టుకొని ఇయ్యాలె, జర చెప్పుండ్రి.