పెద్ద సిస్టర్ చేతి తోరం

పెద్ద సిస్టర్ పోయారని మంగళవారం పొద్దున చిక్కడపల్లి మార్కెట్లో తెలిసింది. బెండకాయలు ఏరుతున్న చేతులు ఆగిపోయాయి. ఏడుపు రాలేదు. చెప్పాల్సిన నిజం చెప్పకుండానే వెళ్లిపోయారని ముందు కోపమే వచ్చింది.

తొంభైల మొదట్లో నారాయణగూడలోని ఒక నర్సింగ్‌హోంలో ఆమె దగ్గరే నేను నర్సు పని నేర్చుకున్నాను. అక్కడ కడుపులో క్యాన్సర్ గడ్డలకు ఆపరేషన్లు ఎక్కువ. గడ్డ తీసేసినా, కుట్లు చీము పడితే మనిషి మళ్లీ మొదటికొస్తాడు. అందుకే ఆమెకంత చాదస్తం. ఆపరేషన్‌కు ముందు పొట్ట మీద బ్లేడు పెట్టనిచ్చేవారు కాదు. గీత పడితే చీముకు దారి ఇచ్చినట్టేనని, వెంట్రుకలు కత్తెరతోనే తీయించేవారు. వార్డు గుమ్మంలో మేకుకి ముందు తన గాజులు తగిలించి, అప్పుడు మా వైపు చూసేవారు. నాకు పెళ్లయి నెల కాలేదు. గాజులు తీయడానికి మనసొప్పలేదు.

"గాజులు మళ్ల తొడుక్కోవచ్చు బిడ్డా. కుట్లు ఇప్పుకుంటే మళ్ల ఎయ్యుడు కష్టం. చేతికి దారం గూడ ఉండొద్దు," అన్నారు. ఆ రోజు తర్వాత గాజులు తీయడం నేను ఒక్కసారీ మరవలేదు.

ఆ శ్రావణంలో ఆమె భర్తకు గుండెజబ్బు చేసింది. వరలక్ష్మీవ్రతం మర్నాడు ఆమె కుడి మణికట్టుకు పసుపు తోరం ఉంది. దాంతోనే, అంబర్‌పేట నుంచి ఆపరేషన్‌కు వచ్చిన ఒక పెద్దాయన పొట్టకు కట్టు మార్చారు. తడిసిన దారం కుట్లకు తగలడం చూశాను. ఆమెకు చెప్పేంతదాన్నా?

నాలుగో రోజుకు కుట్లు చీము పట్టాయి. ఆ తోరం వల్లేనా అంటే నాకు తెలియదు. కానీ డాక్టరుగారు గట్టిగా అడిగినప్పుడు ఆమె నా మణికట్టు చూపించారు. "కొత్త పిల్ల సార్. గాజులు తియ్యకుండనే కట్టు మార్చి ఉంటది."

పెద్దాయన నెలన్నర మంచం మీదుండి బతికి బయటపడ్డారు. ఆయన భార్య నన్ను మళ్లీ దగ్గరికి రానివ్వలేదు. నా ఉద్యోగం పోయింది. వెళ్లిపోతుంటే మెట్ల మీద పెద్ద సిస్టర్ నా చెయ్యి పట్టుకుని, "నీ చేతులు సాఫ్ అని నాకెరుక," అన్నారు. ఆ మాట నాకెందుకు? పైన డాక్టరుగారికి కదా చెప్పాలి! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

అయినా ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, నా రోగుల కుట్లు శుభ్రంగా మానాయంటే ఆమె నేర్పిన పనే. అది కాదంటే కళ్లు పోతాయి.

అశోక్‌నగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. గుమ్మం పక్కన నల్లా కనబడగానే గాజులు తీసి మోచేతుల దాకా కడుక్కున్నాను. ముత్తయిదువగా పోయారని లోపల ఆమె చేతుల నిండా పచ్చగాజులు తొడిగారు. పాదాలకు పసుపు రాసి, ఆ చేతుల వైపు చూడకుండా బయటికొచ్చేశాను.

ఆమె భర్త వెనకాలే వచ్చారు. "నల్లా కాడ గాజులు మరిచినవ్ బిడ్డా. ఆమె కాడ నేర్చుకున్నోళ్లందరు గిట్లనే మరుస్తరు."

ఆమె ఆ తోరం విప్పనిది ఈయన కోసమే. చెప్పబోయి ఆగాను. ఆయన చెయ్యి చాచారు. అందులో నా తడిగాజులు గలగలమంటున్నాయి.