డ్రిల్లు మాస్టరుకు రాని బంతి

నా చిన్నప్పుడు ఆదోనిలో మా హైస్కూలు వాలీబాలు జట్టులో ఆరుగురు ఉండేవాళ్ళం. మాలో ఆడేవాళ్ళు ముగ్గురు, వెనక నిలబడేవాళ్ళు ముగ్గురు. నేను రెండో రకం. నెట్టు దగ్గర నిలబడి బంతిని కొట్టడం హైస్కూలు ఆఖరి తరగతి, అంటే ఆరో ఫారం అన్నల పని. అవతలివాళ్ళు కొట్టిన బంతిని నేలకు తగలకుండా లేపడం, తగిలితే తిట్లు తినడం, తుమ్మకంపలో పడితే పోయి తెచ్చుకోవడం మాలాంటి మూడో ఫారం పిల్లల పని. ఇందులో అన్యాయం ఏదో ఉందని నాకు అప్పట్లో తోచేది కాదు. ముల్లు గుచ్చుకున్నప్పుడు మాత్రం కొంచెం తోచేది.

మా అన్నలకు ఆరో ఫారం అంటే మమకారం ఎక్కువ. పరీక్షా ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మళ్ళీ అదే బెంచీకి వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళలో అందరికన్నా పెద్దవాడు మా కెప్టెనన్న, పత్తి మండీ సావుకారు కొడుకు. ఆరడుగుల మనిషి, మీసం కూడా ఉండేది. అతను ఎగిరి కొడితే బంతి ఎక్కడ పడిందో లేచిన దుమ్మును చూసి చెప్పుకోవాల్సిందే. పైగా జట్టుకు నెట్టు కొనిచ్చింది వాళ్ళ నాయన. ఆట ముగిశాక కెప్టెనన్న దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికి పోయేవాడు. అతనికి ఒంట్లో బాగాలేకపోతే జట్టంతటికీ బాగాలేనట్టే.

నాకు ఒకే ఒక్క కోరిక ఉండేది. ఒక్కసారి నెట్టు దగ్గర నిలబడి, ఒక్క బంతి అవతలికి వేయాలి. నా పొడుగు చూసినవాళ్ళెవరూ ఆ కోరికను నాకు అంటగట్టరు కాబట్టి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి, మేము ఆంధ్రలోకి వెళ్ళిన కొత్తలో అటునుంచి ఇటు వచ్చినవాళ్ళలో మా కొత్త డ్రిల్లు మాస్టరు ఒకరు. బక్కపలచటి మనిషి, బట్టతల, మెడలో నల్లదారానికి ఈల. గొంతు పెంచడం ఆయనకు తెలియదు. వచ్చిన మొదటి సాయంత్రమే మమ్మల్నందరినీ కూర్చోబెట్టి కొత్త పద్ధతి చెప్పారు. సర్వీసు మన చేతికి వచ్చినప్పుడల్లా ఆరుగురూ గడియారం ముల్లు తిరిగినట్టు తలా ఒక స్థానం జరగాలి. ముందున్నవాడు వెనక్కి, వెనకున్నవాడు ముందుకు. కొద్ది వారాల్లో ఎమ్మిగనూరు వాళ్ళతో జరగబోయే మ్యాచిలో ఇదే పద్ధతి, జరగకపోతే పాయింటు పోతుంది.

లెక్క ప్రకారం నేను నెట్టు దగ్గరికి రాక తప్పదు. ఎవరూ ఆపలేరు.

ఆపడానికి కెప్టెనన్న లేచాడు. "సార్, మా నాయన నెట్టు కొనిచ్చింది నేను యెనక నిలబడేదానికా?"

మాస్టరు గొంతు పెంచకుండానే అడిగారు. "ముందర నిలబడేదానికి అని దానిమీద యాడన్నా రాసుందా అప్పా?"

మేము నవ్వలేదు. నవ్వేంత ధైర్యం మూడో ఫారంలో ఉండదు.

మరుసటి సాయంత్రం గ్రౌండులో రెండు గుంజలు ఉన్నాయి, మధ్యలో నెట్టు లేదు. అన్నలు ముగ్గురూ ప్రహరీ గోడ మీద వరసగా కూర్చుని వేయించిన శెనక్కాయలు తింటున్నారు. మాస్టరు హెడ్మాస్టరు దగ్గరికి పోతారని, బెత్తం వస్తుందని మేము ఎదురుచూశాం. ఆయన జిన్నింగు మిల్లుకు పోయారు. పత్తి బేళ్ళకు కట్టే తాడు ఒకటి అడిగి తెచ్చి గుంజలకు బిగించారు. తాడు నెట్టు కాదన్న సంగతి మొదటి బంతికే తెలిసిపోయింది. బంతి తాడు మీదుగా పోయిందా కిందుగా పోయిందా అని వాదించుకోవడంలోనే సగం సాయంత్రం గడిచిపోయేది. గోడ మీదివాళ్ళకు అది నాటకం కన్నా బాగుండేది.

ఆడేది ముగ్గురం పిల్లలం, నాలుగో మనిషి మాస్టరు. ఆయన తాడు దగ్గర నిలబడతారనుకున్నాం. తిన్నగా నడిచి వచ్చి వెనక నా పక్కన నిలబడ్డారు.

"ఈ కింది బంతి లేపేది నాకు రాదప్పా. నేర్పు."

ఎవరితో అంటున్నారోనని నేను వెనక్కి తిరిగి చూశాను. అక్కడ తుమ్మకంప తప్ప ఎవరూ లేరు. అంతవరకు మాస్టరన్నవాడు తనకు ఏదో రాదని చెప్పగా నేను వినలేదు. రెండు పిడికిళ్ళు జోడించి, మోకాళ్ళు వంచి, బంతి కిందికి పోయి లేపాలని చేసి చూపించాను. ఆయన శ్రద్ధగా చూశారు. మొదటి బంతి పక్కకు ఎగిరి కంపలో పడింది. నేను పరిగెత్తబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆయనే పోయి తెచ్చుకున్నారు. రెండోది నోట్లో ఉన్న ఈలకు తగిలి, ఈల దానంతటదే ఊదుకుంది.

"మూతితో కాదు సార్, సేత్తో!" అని గోడ మీదినుంచి కేక. అన్నలు నవ్వారు. మేమూ నవ్వాం. మూతి తుడుచుకుని మాస్టరు కూడా నవ్వారు. "మల్లా ఎయ్యి గురువా" అన్నారు నాతో. ఆరోజు నుంచి నా పేరు గురువు.

ఆ వారమంతా అదే వరస. ఆయన ఒక బంతి లేపేవారు, తర్వాతవి పోగొట్టుకునేవారు. మేము నవ్వేవాళ్ళం. ఆయన మళ్ళీ వేయమనేవారు. ఆట తెలిసినవాడికి ఎదురుగా ఒకడు అదేపనిగా తప్పు ఆడుతూ ఉంటే కూర్చోవడం కష్టం. కెప్టెనన్న శెనక్కాయలు తినడం మానేశాడు. ఒక సాయంత్రం గోడ మీదినుంచి దూకాడు.

"అట్ల కాదు సార్! మోకాళ్ళు వంచాల. జరుగుర్రా, నేను సూపిస్తా."

పిడికిళ్ళు జోడించి నిలబడ్డాడు. నేను బంతి వేశాను. అది అతని మణికట్టుకు తగిలి, భుజం మీదుగా వెనక్కి పోయి కంపలో పడింది.

అతను ఇన్నేళ్ళుగా నెట్టు దగ్గరే నిలబడ్డాడు, కింది బంతి ఒక్కటి కూడా లేపలేదు. వెనక లైను అంటే అతనికి చిన్నతనమని నేను అనుకున్నాను. కాదు, భయం. బంతి పోగొట్టుకున్నందుకు రోజూ మమ్మల్ని తిట్టే మనిషి, మా కళ్ళముందు అదే బంతి పోగొట్టుకోవాలి. ఆ పరిస్థితి రాకుండా అతను నెట్టునే ఇంట్లో దాచేశాడు.

ఎవరూ నవ్వలేదు. మా దగ్గరున్న నవ్వులన్నీ అప్పటికే మాస్టరు మీద ఖర్చయిపోయాయి.

"నాకూ అట్లే పోతాండాది" అన్నారు మాస్టరు, బంతి తెచ్చి నా చేతిలో పెడుతూ. "రాప్పా, ఇద్దరమూ నేర్సుకుందాం. ఎయ్యి గురువా."

మరుసటి సాయంత్రం మేము వచ్చేసరికి కెప్టెనన్న నెట్టు కడుతున్నాడు. ఎవరూ అడగకుండానే "ఆ తాడు సూసి సూసి కండ్లు నొస్తాండాయి" అన్నాడు. మిగతా అన్నలిద్దరూ రెండో కొస పట్టుకున్నారు. ఆ విషయం మీద జట్టులో జరిగిన చర్చ అంతే.

ఎమ్మిగనూరుకు బస్సులో పోయాం. వాళ్ళ జట్టులో సగం మంది మగ్గం మీద కూర్చునే ఇళ్ళ పిల్లలు. వాళ్ళ చేతులు మా కళ్ళకన్నా వేగంగా కదిలేవి. మ్యాచికి ముందు మా మాస్టరు, వాళ్ళ మాస్టరు సరదాగా నాలుగు బంతులు కొట్టుకున్నారు. అవతలాయన ఎంత బలంగా కొట్టినా మా మాస్టరు కిందికి వంగి, జోలపాట పాడినంత నెమ్మదిగా లేపి పంపుతున్నారు. ఒక్కటీ పోలేదు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆయన పక్కకు వచ్చాక "సార్, మీకు వస్తాదే!" అన్నాను.

"నువ్వు బాగా నేర్పినావప్పా" అన్నారు ఆయన, ముఖంలో ఏమీ కదలకుండా.

మ్యాచి సగంలో సర్వీసు మాకు వచ్చింది. అందరం జరిగాం. కెప్టెనన్న వెనక్కి, నేను నెట్టు దగ్గరికి. మ్యాచిలో అంతవరకు నాకు వెనకనుంచి అన్నల వీపులు తెలుసు, దగ్గరనుంచి నెట్టు తెలియదు. దాని పై అంచు చూడటానికి తల ఎత్తాల్సి వచ్చింది. జనంలోంచి ఎవడో అరిచాడు: "ఆదోని సావుకారు యెనక్కి పోయినాడు, అంగడి మూసినట్లే!" అందరూ గొల్లున నవ్వారు. కెప్టెనన్న చెవులు ఎర్రబడ్డాయి, మోకాళ్ళు మాత్రం వంగి ఉన్నాయి.

అవతలివాడు అతని మీదికే కొట్టాడు. కెప్టెనన్న నేలమీద పడి, తెల్ల నిక్కరంతా నల్లరేగడి చేసుకుని, రెండు పిడికిళ్ళతో లేపాడు. బంతి గాలిలో తీరిగ్గా లేచి నా నెత్తిమీదికి వచ్చింది. నేను ఉన్న బలమంతా పెట్టి ఎగిరాను. కొట్టాను అని చెప్పుకుంటే అబద్ధం అవుతుంది. వేళ్ళ కొనలు తగిలాయి. బంతి నెట్టు అంచుమీద కాసేపు ఆలోచించుకుని అవతల పడింది.

అది మా పాయింటు. నా పాయింటు. మ్యాచి గెలిచినవాళ్ళు ఎమ్మిగనూరు వాళ్ళు. ఆ సంగతి రాసుకోవాలంటే వాళ్ళు రాసుకుంటారు.

తిరుగు బస్సులో కెప్టెనన్న నా పక్కన కూర్చున్నాడు, అది కూడా మొదటిసారే. బస్సు ఊరు దాటాక అన్నాడు. "పాయింటు నీదే గురువా. ఆ బంతి లేపింది ఎవరో మాత్రం మరిసిపోవాకు." నేను మరిచిపోలేదు. ఇక్కడ రాసేశాను కూడా.

తర్వాత నేను చాలా ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పాను, కొన్నాళ్ళు ప్రిన్సిపాలు కుర్చీలోనూ కూర్చున్నాను. ఆ కుర్చీ ఎక్కిన మొదటి వారంలో కుర్ర లెక్చరర్లందరి ముందు, నాకు నిజంగా చేతకాని పని ఒకటి ఎంచుకుని, "ఇది నాకు రాదు, నేర్పండి" అన్నాను. వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు, అలాంటివి చాలా ఉన్నాయి. వాళ్ళు నవ్వుకున్నారు. నవ్వు అయిపోయాక పని మొదలైంది. తమకు రానివి వాళ్ళూ ఒక్కొక్కటే బయటపెట్టారు.

ఈ జ్ఞాపకాన్ని కంప్యూటరులో టైపు చేయడం మా మనవరాలు నేర్పుతోంది. "తాతా, నీకు ఇది కూడా రాదా?" అని రోజూ అడుగుతుంది. "రాదు, నేర్పు" అంటాను, బళ్ళారి మాస్టరు అన్నంత ధీమాగా. ఇప్పుడు నెట్టు దగ్గర ఆ పిల్ల ఉంది, వెనక లైను నాది. మోకాళ్ళు వంచమని అడగనంతవరకు నాకు ఏ ఇబ్బందీ లేదు.