తక్కినయి చూసినవా, బావా?

మా వియ్యంకుడు మొన్న పొద్దున పోయాడు. కబురు వచ్చేసరికి గడ్డం సగం గీసుకుని ఉన్నాను. మిగతా సగం కూడా నింపాదిగా గీసుకునే నకిరేకల్‌లో బస్సెక్కాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఆయన భువనగిరిలో దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. రేకులో అక్షరాలు కత్తిరించి అచ్చులు చేసుకునేవాడు. పాలవ్యానుకు వాడిన అక్షరాల అచ్చులతోనే మా గోడ మీద నా పేరు రాస్తే, పాల డిపో అనుకుని ఇద్దరు గిన్నెలతో వచ్చారు. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

భువనగిరికి ఇంటర్నెట్ అప్పుడప్పుడే వచ్చిన రోజుల్లో, మా బిడ్డ, అంటే ఆయన కోడలు, ముందుగదిలో కంప్యూటర్ సెంటర్ పెట్టింది. చేతులు వణికి బ్రష్షు వదిలేసిన ఆయన, ఆమె దగ్గర వెబ్ పేజీలు దిద్దడం నేర్చుకున్నాడు. మొదటి పని ఒక సేటుగారి చీరల పేజీలు. ప్రతి చీరకూ ఒక డబ్బా. అందులో బొమ్మ, పేరు, కొనాలంటే నొక్కడానికి గుండీ. డబ్బా ఒకచోట చేసిపెడితే అన్ని పేజీలూ దాన్నే వాడుకుంటాయి, రేకు అచ్చులాగే.

ఒక చీర పేరు పొడుగై డబ్బా దాటింది. ఆ సాయంత్రమే పట్నంలో కొనేవాళ్లు ఈ పేజీలు చూడాలి. నచ్చకపోతే సేటు మళ్లీ గడప తొక్కడు. ఈయన అసలు డబ్బానే వెడల్పు చేసి, కుర్చీ వెనక్కి జరిపి, గోడను చూసినట్టు ఒంటికన్నుతో చూసి "జబర్దస్త్!" అన్నాడు. మా బిడ్డ తక్కిన పేజీలు తెరిచింది. చీరలన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి.

"మామా, గోడైతే ఒక్కటే. గిది అన్నింటికి తాకుతది."

"గా ముచ్చట ముందు జెప్పవైతివి!"

"జెప్పిన. నువ్వు జబర్దస్త్ అంటున్నవు."

డబ్బాను మునుపటిలా చేసి, పొడుగు పేరు రెండో వరుసలోకి దిగేలా సర్దారు. సేటు గండం గడిచింది. ఆనాటి నుంచి ఆయన ఒకటి దిద్దితే అన్నీ తెరిచి చూసేవాడు. ఇంట్లోనూ అంతే. ఒకరికి జ్వరమొస్తే అందరి నుదుళ్లూ పట్టుకునేవాడు. నా మోకాలికి తైలం రాస్తూ "తక్కినయి చూసినవా, బావా? కడుపెట్లుంది? నిద్ర పడుతుందా?" అనేవాడు.

మొన్న అందరం వియ్యపురాలి చుట్టూ చేరాం. ఎవరో బతిమాలి చాయ్ తాగించారు. హమ్మయ్య అనుకున్నాం. అప్పుడు ఆయన అడిగే ఆ మాట గుర్తొచ్చి, లేచి గది గదీ చూసుకుంటూ పోయాను.

మా బిడ్డ కంప్యూటర్ ముందు ఒక్కతే కూర్చుని ఉంది.

"ఏమన్న తిన్నవా, బిడ్డా?"

తల తిప్పలేదు. ఆ పాత చీరల పేజీలు ఒక్కొక్కటీ తెరుస్తోంది.

"అన్నీ మంచిగనే ఉన్నయి, బాపు."

పక్కన కూర్చున్నాను. తెర మీద ఎర్ర చీర, కింద గుండీ. ఇద్దరిలో ఎవరమూ నొక్కలేదు.