బస్సులో మిగిలిన నిద్ర

బడి బస్సు ఆయాకు పిల్లలందరూ దిగాక కూడా గుండె కుదుటపడదు. నిద్రలో ఎవరైనా జారిపోయారేమోనని వంగి ప్రతి సీటు కిందా చూస్తుంది. "వెతికేది పిల్లల్నా, పోయిన చెవిదుద్దునా?" అని డ్రైవర్ విసుక్కుంటాడు. ఈరోజు చివరి సీటు కింద ఒకటో తరగతి పాప దొరికింది. బస్సుకు తాళం పడి ఉంటే ఏమయ్యేదో అనుకుంటూ ఆయా పాపను పైకి తీసి సీటు మీద కూర్చోబెట్టింది. యూనిఫాం అలా నలిగిందేమని అడిగితే, "అమ్మ రాత్రే తొడిగింది. పొద్దున ఇంకాసేపు పడుకోవచ్చని" అంది పాప, కళ్లు తెరవకుండానే.

ఆయా పాపను భుజాన వేసుకుని నేరుగా హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్లింది. "బడి కాస్త ఆలస్యంగా పెట్టమని ఎంత మొత్తుకున్నా మీరు వినలేదు. దీన్ని లేపడం నా వల్ల కాదమ్మా, మీరే లేపండి" అని ఆవిడ ఒళ్లో పడుకోబెట్టింది. బడిగంట మోగింది. హెడ్మిస్ట్రెస్ చెయ్యి పాప భుజం దాకా వెళ్లి ఆగిపోయింది.