మంచం కింద అట్టపెట్టె

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఉదయం మేమిద్దరం మిద్దె మీద తివాచీలు దులుపుతున్నాం. ఇంటివాళ్లు ఎండాకాలం సెలవులకు లండన్ పోయారు. తాము లేకపోయినా ఇల్లు అద్దంలా ఉండాలని మామా, అంటే ఇంటి యజమానురాలు, గట్టిగా చెప్పి వెళ్లింది. హవల్లీ వైపు నుంచి పేలుళ్లు వినిపించాయి. తల మీదుగా హెలికాప్టర్లు పోయాయి. నేను కడప జిల్లా దాన్ని, నాటుబాంబు చప్పుడు నాకు కొత్తేమీ కాదు గానీ, ఇది ఆ రకం కాదని వెంటనే తెలిసిపోయింది. చేతిలో కర్ర పారేసి వీధి తలుపు గడియ వెయ్యడానికి పరుగెత్తాను. నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి మాత్రం మా గదిలోకి పరుగెత్తింది. నేను వెళ్లి చూసేసరికి మంచం కింద దూరి తన అట్టపెట్టె మీద దుప్పటి కప్పుతోంది.

"తుపాకులు పేలతాంటే నీ పెట్టె కోసం ఎవురొస్తారే?" అన్నాను.

"తుపాకులున్నోళ్లే వస్తారు ఆతే," అంది.

ఆతే అంటే వాళ్ల భాషలో అక్క. మేమిద్దరం మాట్లాడుకునేది వంటింట్లో నేర్చుకున్న అరబ్బీ. అది అరబ్బులకు కూడా సరిగా అర్థమయ్యేది కాదు. ఆమె మాటల్ని ఇక్కడ నా యాసలోనే రాస్తున్నాను, ఆమె మాట నా చెవికి అలాగే వినపడేది మరి.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. బయటి దేశాల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్లందరికీ అలాంటిది ఒకటి ఉంటుంది. టీవీ వచ్చేంత పెద్ద అట్టపెట్టె. నెలనెలా కొంచెం కొంచెం కొని అందులో సర్దుతారు, నిండాక ఊరికి పంపుతారు, లేదా తీసుకునిపోతారు. ఈమె పెట్టెలో సబ్బులు, టూత్ పేస్టులు, డబ్బా మాంసం, పాలపొడి, కాఫీ సీసాలు, టవళ్లు ఉండేవి. ఎక్కడా వేలు దూరేంత సందు ఉండకూడదు. కూతురి కోసం కొన్న బూట్లలో మేజోళ్లు కుక్కేది, మేజోళ్లలో చాక్లెట్లు కుక్కేది. ఒక్కో వస్తువు ఒక్కొక్కరి కోసం. తల్లికి, ఆడబిడ్డకు, పక్కింటి వాళ్లకు సరే. ఊరి పెద్దకు సిగరెట్లు, చెరుకు తోటల దొరగారి భార్యకు సెంటు సీసా ఎందుకో నాకు మొదట్లో అర్థం కాలేదు.

"మా ఊళ్లో భూమంతా ఆ ఒక్క ఇంటిదే," అని చెప్పింది. "చక్కెర ధర పడిపోయిందని తోటలు బీడు పెట్టినారు. మా ఆయనకూ మా అన్నకూ ఎప్పుడో ఒకనాడు పని దొరుకుతాది. దొరసానికి సెంటు సీసా అందితే ఇంకో నాడు కూడా దొరుకుతాది."

"మీ జనమంతా రోడ్డెక్కి అధ్యక్షుణ్ణి దింపేసినారంట కదా? ఇంగ బాగుపడలేదా?"

"దింపినాం. నేనూ పోయినా ఆ గుంపులో, పసుపు గుడ్డ కట్టుకోని. పైన కుర్చీ మారింది. మా ఊళ్లో ఓట్లకు నిలబడేది మళ్లా ఆ ఇంటోళ్లే."

ఆమె బడిపంతులుగా చేసింది. ఆ జీతంతో ఇల్లు గడవక ఇక్కడికొచ్చి బాత్రూములు కడిగేది. దీనికి వాళ్ల సర్కారు రేడియోలో బయటి దేశాల్లో పనిచేసేవాళ్లంతా వీరులని పొగుడుతుందట. "వీరులకు ఊళ్లో పని మాత్రం లేదు ఆతే," అని నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు. మా సీమలో వాన పడకపోతే దేవుణ్ణి తిడతాం, ఎమ్మెల్యేని తిడతాం, గొంతు నొప్పి పుట్టేదాకా తిడతాం. ఈ అమ్మాయి ఎవరినీ తిట్టేది కాదు, పెట్టె సర్దుకునేది. దానికి నాకు ఒళ్లు మండేది.

కొన్ని వారాలు తలుపులు వేసుకుని ఉన్నాం. ఎదురింట్లో ఉండే మా యజమాని అన్నగారు ఒకరోజు ఇంటివాళ్లు దాచిపెట్టిన మా పాస్‌పోర్టులు తెచ్చి చేతిలో పెట్టి, "ఖలాస్, ఇక్కడ మిమ్మల్ని కాపాడలేను, మీ దేశాలకు పోండి," అన్నాడు. అల్ రాయ్‌లో గ్యారేజీ పని చేసే రాయచోటి మెకానిక్ ఒకాయన నాకు తెలుసు. మరమ్మతుకు వచ్చి నిలిచిపోయిన బస్సొకటి బాగుచేసుకుని జనాన్ని బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు దాకా తీసుకుపోతున్నాడు. మాకిద్దరికీ చోటిస్తానన్నాడు. తెల్లవారి మేం వెళ్లేసరికి బస్సు కిక్కిరిసి ఉంది. ఆయన నన్ను చూసి నవ్వబోయి, వెనక పెట్టె చూసి ఆగిపోయాడు.

"అక్కా, మనుషులకే జాగా లేదు. ఆ బీరువాను యాడ పెట్టేది?"

"నన్నడిగితే ఏం చెప్పాల? ఆయమ్మనడుగు."

ఆయమ్మ పెట్టె మీద కూర్చుంది. "ఇది లేకుండా నేను ఊళ్లో కాలు పెట్టలేను. మూడేండ్లు కువైట్‌లో ఉండి ఉత్త చేతులతో వచ్చిందంటారు. మీరు పోండి," అంది. మూతి బిగించుకుని కూర్చుంటే ఇక కదిలే రకం కాదని నాకు తెలుసు. నేను తిట్టాను. మొండిఘటమన్నాను, నీ సబ్బులు తగలబడ అన్నాను. చివరికి నా సూట్‌కేసులోంచి రెండు చీరలు తీసి చంకలో పెట్టుకుని, సూట్‌కేసు అక్కడే వదిలేశాను. టాపు మీద ఆ జాగాలో పెట్టె కట్టారు. ఎందుకు చేశానంటే, దాన్ని ఒంటరిగా ఆ ఊళ్లో వదిలిపెట్టి పోవడం నాకు చేతకాలేదు, అంతే.

దారిలో ఒక చోట సైనికులు బస్సాపి పెట్టె విప్పారు. సిగరెట్లు, సెంటు సీసా తీసుకున్నారు. మిగతావి కింద కుమ్మరించి పొమ్మన్నారు. ఆమె దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో సబ్బూ తుడిచి మళ్లీ సర్దింది. డ్రైవరు సీట్లోంచి "యల్లా, యల్లా", పదండి పదండి అని మెకానిక్ మొత్తుకుంటున్నాడు. నేను కూడా దిగి సర్దాను, నోటికొచ్చినట్టు తిడుతూనే.

ఇరాక్‌కూ జోర్డాన్‌కూ మధ్య ఎడారిలో మమ్మల్ని ఆపేశారు. గుడారాలు, నీళ్ల ట్యాంకరు ముందు తోపులాట, కళ్లలోకి ఇసుక. రొట్టె వచ్చిన రోజు వచ్చింది, రానిరోజు లేదు. పక్క గుడారంలో ఒక తల్లికి పాలు రాక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, మా అమ్మాయే పెట్టె విప్పి పాలపొడి డబ్బా తీసి ఇచ్చింది. తర్వాత సబ్బులు కొన్ని పోయాయి, టవళ్లు ఎండకు నెత్తిన కప్పుకోవడానికి పోయాయి. సరే, ఇప్పటికి బుద్ధొచ్చిందిలే అనుకున్నాను. మర్నాడు చూద్దును కదా, సాయం చేసేవాళ్లు పంచిన బిస్కెట్ పొట్లాలు తను తినకుండా ఆ ఖాళీల్లో సర్దుతోంది.

"కడుపు మాడ్చుకోని పెట్టెకు పెడతాండావా?" అన్నాను.

"సందుంటే లోపల వస్తువులు దొర్లి పగిలిపోతాయి ఆతే," అంది. నా చేతిలోని బిస్కెట్ విరిచి సగం దాని నోట్లో కుక్కాను. నమిలింది గానీ రెండో పొట్లం మాత్రం పెట్టెలోకే పోయింది.

అమ్మాన్ చేరాక మమ్మల్ని ఒక పెద్ద హాల్లో ఉంచారు. ఏ దేశం వాళ్ల విమానం వస్తే వాళ్లను పిలుస్తున్నారు. ఫిలిప్పీన్స్ విమానం మాకంటే ముందు వచ్చింది. ఆ అమ్మాయి పేరు పిలిచారని నాకెంత సంతోషమో చెప్పలేను. మా బొంబాయి విమానం ఇంకా రాలేదన్న సంగతే మర్చిపోయాను. బయట కుళాయి దగ్గర ముఖం కడుక్కుని వచ్చేసరికి, ఆమె ఒక జోర్డాన్ ఆవిడతో మాట్లాడుతోంది. ఆవిడ మంచి బట్టల్లో ఉంది, చేతిలో కారు తాళాలు. ఇంట్లో పనికి మనిషి కావాలని వచ్చిందట. ఇటు పక్కన ఇంకో ఫిలిప్పీన్స్ ఆడమనిషి పెట్టెను ఎత్తి బరువు చూసుకుంటోంది. దారిలో ఆ మనిషి సామానంతా సైనికులు లాగేసుకున్నారు, ఉత్త చేతులతో విమానమెక్కుతోంది. ఇద్దరిదీ ఒకే జిల్లా.

అప్పటికి నాకు అర్థమైంది. వెళ్లి దాని రెక్క పట్టుకుని ఇవతలికి లాగాను.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? యుద్ధంలోంచి బతికి బయటపడితివి. విమానం గేటు ముందర నిలబడితివి. ఇంటికి పోవే!"

"పోయి ఏం చేసేది ఆతే? తోటల్లో మా ఆయనకే పని లేదు. నేను పోతే తినే నోరు ఇంకొకటి. పెట్టె ఇంటికి చేరితే కొన్నాళ్లు గడుస్తాది."

"బిడ్డను చూసుకోవా? మూడేండ్లాయె కదా?"

ఆమె బూట్ల జత పైకి తీసి, ఒకసారి జానతో కొలిచి చూసుకుంది. ప్రతి ఏడూ అలాగే అంచనా మీద కొనేది.

"ఏడాది పిల్లప్పుడు వదిలి వస్తి. బిడ్డకు నేను తెలీదు ఆతే. పెట్టె తెలుసు," అంది.

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా అంతే వచ్చింది, ఎవరి మీద అని అడిగితే చెప్పలేను. నా రెండు చీరల్లో కొత్తది మడిచి బూట్ల పక్కన మిగిలిన ఖాళీలో పెట్టాను. మూత నేను అదిమి పట్టుకున్నాను, ఆమె చుట్టూ తాడు కట్టింది.

ఆ ఆడమనిషి పెట్టె భుజాన పెట్టుకుని విమానాశ్రయం బస్సు దగ్గరికి నడిచింది. ఈమె పక్కన పరుగెడుతూ బస్సు మెట్ల దాకా చెబుతూనే ఉంది, చేతితో చూపిస్తూనే ఉంది. వాళ్ల భాష నాకు రాదు. బూట్లు పైన ఉన్నాయి, తలకిందులు చెయ్యొద్దు అని చెబుతోందని చూస్తేనే తెలుస్తోంది. వెనక నుంచి కొత్త మామా కారు తలుపు తెరిచి "యల్లా" అని పిలిచింది. బస్సు తలుపు పడేదాకా చూసి, ఆమె వెళ్లి కారెక్కింది.