బంతి పట్టాక ఎగరేయకూడదట!

ఆ రోజుల్లో, కెనడాలో మేం చదువుకున్న వాటర్లూలో ఎటు చూసినా మనవాళ్ళే. బస్సెక్కితే తెలుగు, పిజ్జా షాపు వంటింట్లో తెలుగు, పార్ట్‌టైమ్ ఉద్యోగానికి క్యూ కడితే ముందూ వెనకా తెలుగే. దొరకనిదల్లా ఉండటానికి గది. అంత కరువులో మా ఆరుగురికీ కలిపి ఒక బేస్‌మెంట్ దొరికేసరికి పూర్వజన్మ సుకృతం అనుకున్నాం. (ఆ సుకృతం పొద్దున్నే ఈల వేసి మరీ నిద్రలేపుతుందని అప్పటికింకా తెలీదు.) ఇంటి ఓనరు అరవై దాటిన తెల్లాయన. వయసులో ఉండగా ఫుట్‌బాల్ ఆడేవాడట. కాలితో తన్నేది కాదు బాబూ, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో విసిరి, పట్టుకుని, పరిగెత్తే ఆట. అందులో ఆయన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి ఎవరికి విసరాలో తేల్చే మొనగాడు. మోకాలు పాడయ్యాక ప్రొఫెషనల్ జట్లకి కోచ్ అయ్యాడు. మూడు ఊళ్ళలో చేశాడు, మూడు ఊళ్ళలోనూ పీకేశారు. "కోచ్‌గా చేరినవాడు సూట్‌కేసు పూర్తిగా విప్పకూడదు," అని ఆయనే పకపకా నవ్వేవాడు. మేం మాత్రం భక్తిగా కోచ్ గారూ అనేవాళ్ళం.

ఒక సాయంత్రం ఆయన కుంటుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "నా పాత స్నేహితుడు ఫోన్ చేశాడు. ఒకప్పుడు నేను విసిరితే పట్టుకున్నవాడే. ఇప్పుడొక జట్టుకి మేనేజర్. వాళ్ళకి కోచ్ కావాలట," అన్నాడు. ఇంకేం, పార్టీ అన్నాం. "పార్టీ లేదు. వాడేమో, నువ్వు మొండివాడివి, నీ ఆటకి సరిపోయేలా మనుషుల్ని చెక్కుతావు, మనుషులకి సరిపోయే ఆట కట్టడం నీకు చేతకాదు, అందుకే అందరూ పీకేశారు, అన్నాడు. మారానని చెప్పాను. అయితే నీ బేస్‌మెంట్ కుర్రాళ్ళని ఆడించి చూపించు, వచ్చి చూస్తా అన్నాడు. వాడు జోక్ వేశాడు. నేను సరేనన్నాను." ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "ఈసారి ఉద్యోగం రాకపోతే ఇక నన్నెవరూ పిలవరు," అన్నాడాయన మెల్లగా. అంత పెద్దమనిషి గొంతు అలా పడిపోయేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. మాలో పెద్దవాడు వరంగల్ అన్న లేచి, "గంతేనా సార్? ఆడుదాం పా!" అన్నాడు. (అన్న ఆయనతో ఎప్పుడూ తెలుగే మాట్లాడేవాడు. ఆయనకెలా అర్థమయ్యేదో ఆ దేవుడికే తెలియాలి.)

ఇక చూడండి మా తిప్పలు! తెల్లారకముందే పార్కు, చలికి పళ్ళు టకటకలాడుతుంటే పరుగులు, అక్కణ్ణుంచే క్లాసుకి. రాత్రి భోజనాల బల్ల మీద ఆయన మా పచ్చడి సీసాలతోనే వ్యూహాలు చెప్పేవాడు. ఆవకాయ సీసా వరంగల్ అన్న, గోంగూర సీసా నేను. అన్న చేయి బలమైనది, అందుకని క్వార్టర్‌బ్యాక్ చేశాడు. మాది టచ్ ఆట, బంతి ఉన్నవాణ్ణి ఎదుటివాళ్ళు ముట్టుకుంటే చాలు, ఆగిపోవాలి. కబడ్డీ ఆడిన మా అన్నని ముట్టుకునే మగాడేడీ? కాకపోతే తప్పించుకుంటున్నంతసేపూ "కబడ్డీ కబడ్డీ" అని కూత పెట్టేవాడు. కోచ్ గారు రెండు రోజులు మాన్పించబోయి, ఆపితే అన్న కాళ్ళు కూడా ఆగిపోతున్నాయని గమనించి, "కూయనీ," అని వదిలేశాడు.

అసలు తలనొప్పి నేను! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మా ఒంగోలులో క్రికెట్ ఆడినవాణ్ణి. క్యాచ్ పట్టగానే బంతిని ఆకాశంలోకి ఎగరేసి "అవుట్!" అని గంతెయ్యాలి, లేకపోతే అదేం క్యాచ్? ఈ ఆటలోనేమో పట్టాకే అసలు పని మొదలు, బంతిని గుండెలకి హత్తుకుని పరిగెత్తాలి. నేను పట్టేవాణ్ణి. ఎంత దూరం విసిరినా, గాలిలోకి ఎగిరైనా పట్టేవాణ్ణి. పట్టి, ఎగరేసేవాణ్ణి! కిందపడిన బంతిని ఎవడు తీసుకుంటే వాడిదే. కోచ్ గారు బతిమాలాడు, అరిచాడు, ఈల విసిరికొట్టాడు. ఉహూ. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా! "నన్ను తీసేయండి కోచ్ గారూ, నావల్ల మీ ఉద్యోగం పోతుంది," అన్నాను. ఆయన బల్ల మీది గోంగూర సీసా వంక చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని తీసి బల్ల చివర, అంచుకి ఆనించి పెట్టాడు. "ఇది ఎండ్ జోన్. ఈ గీత దాటి లోపల పట్టుకుంటే పట్టగానే పాయింట్లు. ఆట అక్కడితో సరి. నీ అలవాటు మార్చడం నా తరం కాదు కిడ్, నీ చోటు మారుస్తా. ఆ తర్వాత బంతిని చంద్రమండలానికి ఎగరేసుకో," అన్నాడు.

ఆదివారం రానే వచ్చింది. అవతల పుట్టినప్పటి నుంచీ ఇదే ఆట ఆడుతున్న పక్కవీధి కుర్రాళ్ళు. ఈల పట్టుకుని రిఫరీగా మేనేజరే దిగాడు. ఆడాం చూడండీ! మొదట్లో ఉతికి ఆరేశారు. తర్వాత అన్న కూత అందుకున్నాడు, వాళ్ళు బిత్తరపోయారు. చివరికి ఒక్కటంటే ఒక్క అవకాశం మిగిలింది. గీత లోపల బంతి పడితే గెలుపు, లేదంటే కోచ్ గారి కథ కంచికే. "కబడ్డీ కబడ్డీ..." అన్న ఎడమకి వంగాడు, కుడికి జారాడు, ముగ్గురు బోర్లాపడ్డారు! అన్న విసిరాడు. నేను లగెత్తాను, ఎగిరాను, పట్టేశాను! పట్టి ఏం చేశానంటారా? ఎగరేశాను! "అవుట్!" అని అరిచాను కూడా. వాళ్ళలో ఒకడు ఆ బంతి అందుకుని అటువైపు పరుగో పరుగు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బూట్లకేసి చూసుకుందామంటే భయం. చూశాను. రెండూ గీత లోపలే! పాయింట్లు మావేనన్నట్టు మేనేజర్ రెండు చేతులూ పైకెత్తేశాడు. కోచ్ గారు ఆ పాడు మోకాలితోనే గంతులు!

గోల సద్దుమణిగాక మేనేజర్ నన్ను చూపిస్తూ, "వాడెందుకు అలా ఎగరేశాడు?" అని అడిగాడు. "ఎగరేస్తాడు. అందుకే అక్కడ పెట్టాను," అన్నాడు కోచ్ గారు. మేనేజర్ ఆయన్ని ఎగాదిగా చూసి, "నిజంగానే మారావురా," అని కౌగిలించుకున్నాడు. అలా మా కోచ్ గారికి ఉద్యోగం వచ్చింది. ఇల్లు అమ్మకానికొచ్చింది. మంచులో మేం మళ్ళీ గదుల వేటలో పడ్డాం. అయినా సరే, ఆయన్ని సాగనంపుతూ ఆరుగురం వీధిలో చిందులేశాం. మా నెత్తిన మేమే చెయ్యి పెట్టుకుని అంత సంతోషించిన వెర్రివాళ్ళని మీరెక్కడా చూసుండరు.

ఎక్కడా కుదురుకోని మనిషి అక్కడ ఏళ్ళ తరబడి నిలిచాడు. నేను కనాటా అనే ఊళ్ళో టీమ్ లీడ్‌నయ్యాను, ఇల్లు కొన్నాను, పొట్ట కూడా పెంచాను. మొన్న పెరట్లో మా అమ్మాయితో మంచుబొమ్మ చేస్తుంటే ఫోన్. "కిడ్, నాలుగో ఊళ్ళోనూ పీకేశారు," అన్నాడు కోచ్ గారు. అయ్యో అన్నాను. "అయ్యో ఎందుకు? సూట్‌కేసు విప్పితే కదా! ఇంతకీ, మీ ఇంటికి బేస్‌మెంట్ ఉందా?" అన్నాడు.

"డాడీ, వై డిడ్ యూ త్రో యువర్ ఫోన్?" అంది మా అమ్మాయి. చూస్తే నా చేతిలో ఫోన్ లేదు. నలభైకి దగ్గరపడుతున్న ఈ పెద్దమనిషి మోకాళ్ళ మీద పాకుతూ మంచునంతా తవ్వి దాన్ని బయటికి తీసేసరికి అవతల కోచ్ గారు దగ్గొచ్చేలా నవ్వుతున్నాడు.

"ఎగరేశావు కదూ? గీత లోపలా, బయటా?"

"లోపలే కోచ్ గారూ," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "మా ఇంట్లోనే. వచ్చేయండి."